మల్లి గుండె గీత

శ్రీశైలమ్మకు అక్షరమ్ముక్క రాదు గాని, గుండె గీత చదవడం మాత్రం ఇట్టే పట్టుబడింది.

ఎండన పడి కూలికి పోయే ఆడవాళ్ల గుండెలు ఎలా ఉంటాయో చూడాలని పట్నం డాక్టర్లకు బుద్ధి పుట్టింది. అర్ధవీడు పక్క పల్లెల్లో వయసులో ఉన్న ఆడవాళ్ల ముంజేతులకు నల్ల పట్టీలు కట్టించారు. ఆ పట్టీ నాడినీ నడకనూ పొద్దస్తమానం లెక్కపెడుతుంది. వారానికోసారి ప్రశాంతి అనే అమ్మాయి కంభం నుంచి ఆటోలో వచ్చి, ఆ లెక్కంతా గీతలుగా తన ఫోన్‌లోకి దించుకుని పట్నంలో కంప్యూటర్‌కు పంపుతుంది. ఎవరి గీతా ఎవరికీ చూపించకూడదని ఆ పిల్లకు గట్టిగానే చెప్పారు. కానీ ఎండన పడి వచ్చిన మనిషికి మంచం వాల్చి, చెంబెడు చల్ల చేతికిచ్చి, "మా కోడలిది ఏం జెప్తాంది పాపా?" అని అడిగితే, కాదనడం కష్టం.

"కింద గీత నడక పెద్దమ్మా. పైన గీత గుండె. నడిచినా, పని జేసినా పై గీత లేస్తాది. ఊరికే ఉంటే దిగుతాది" అంది ప్రశాంతి. ఆ పిల్లకు తెలిసిందీ అంతే.

శ్రీశైలమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. మధ్యాహ్నం వేళ కింది గీత నేలకు అంటుకుపోయి ఉంది. పై గీత మాత్రం ఎక్కడికో ఎగిరింది. ఒకరోజు కాదు, చాలా రోజులు అలాగే ఉంది.

ఆ వేళకు కోడలు మల్లి మేకపిల్లలకు నీళ్లు పెట్టాలని అందరికంటే ముందే చేను నుంచి ఇంటికి వస్తుంది. మొగుడు నాగేంద్ర హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. ఇంట్లో పిట్ట కూడా ఉండదు. అడుగు తీసి అడుగు వేయకుండా గుండె పరుగెత్తిందంటే, పడుకుని చేసిన పనేందో చెప్పడానికి డాక్టర్లు కావాలా?

అనుమానం పెనుభూతమంటారు. శ్రీశైలమ్మ దానికి పూటపూటా మేత వేసింది. నిజం చెప్పాలంటే ఆమెకు బాధ కంటే సంబరమే ఎక్కువైంది. కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఏ వంక దొరుకుతుందా అని కాచుక్కూర్చున్న మనిషికి కంప్యూటరే సాక్ష్యం పలికింది.

"ఎవడే వాడు?" అని ఒక సాయంత్రం అడిగింది.

మల్లి బిత్తరపోయింది. "ఎవురూ లేరత్తా. ఒక్కోతూరి గుండె దడదడా కొట్టుకుంటాది. కళ్లు తిరుగుతాయి. తగ్గేదాకా పండుకుంటా. నీకు శానాసార్లు జెప్పినా."

"పండుకుంటే తగ్గాల గాని లేస్తాదంటే? నేనేమన్నా పిచ్చిదాన్నా?"

తర్వాతి వారం దడి చాటున మల్లి ప్రశాంతి చేయి పట్టుకుని బతిమాలడం శ్రీశైలమ్మ చెవిన పడింది. "అక్కా, ఆ డాక్టరు సారుకు ఒక్క ఫోన్ జెయ్. ఇది జబ్బని ఒక్క మాట జెప్పించు. లేకుంటే నన్ను రాచర్లకు, మా నాయన కాడికి తరిమేస్తారు."

"మేము అడగకూడదు మల్లీ. అన్ని ఊర్లూ అయినాక సార్లే అన్నీ కలిపి చూస్తారు. నేను మీ అత్తకు చూపిచ్చినానని తెలిస్తే నా ఉద్యోగం పోతాది" అంది ప్రశాంతి. ఆ మాటలో భయమే ఉంది. శ్రీశైలమ్మకు మాత్రం ఇద్దరూ కూడబలుక్కుంటున్నట్టే తోచింది. అప్పటికప్పుడే కొడుక్కి ఫోన్ చేసింది.

మళ్లీ ప్రశాంతి వచ్చే రోజుకు నాగేంద్ర వచ్చాడు. ఇంటిముందు ఇరుగుపొరుగు చేరారు. మల్లి ఆ ఇంట్లో ఉండడమా, పోవడమా అన్నది ఇక అతని నోటిమాట మీదే ఉంది. అతను తల్లి ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు, చివరికి నేల చూశాడు.

"నువ్వేం తేల్చాల్సిన పన్లేదు నాయనా, ఆ మిషనే తేలుస్తాది" అంది శ్రీశైలమ్మ. "ఇది బోరు కాడి నుంచి రెండు బిందెలు మోసకరానీ. పనికి గుండె ఎంత లేస్తాదో ఈ పాప ఫోన్‌లో చూస్తాది. పండుకున్నప్పుడు దానికి మించి లేచింటే, ఇంక నేను జెప్పేదేముంది?"

పదిమందికీ అది న్యాయంగానే కనిపించింది.

"నాకు చేతగాదు. నిన్నట్నుంచి ఆయాసంగా ఉంది" అంది మల్లి.

"ఏ తప్పూ లేకుంటే భయమెందుకు? ఎత్తుకో" అన్నాడు నాగేంద్ర.

నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని మల్లి బోరు దగ్గర్నుంచి ఇంటికి ఎగువకు నడిచింది. పట్టీ దగ్గరుంటే గీత అప్పటికప్పుడే ఫోన్‌లో కనిపిస్తుంది; కాదంటే మునుపు చూపించిన సంగతి పైకి పోతుందని ప్రశాంతి ఫోన్ చూస్తూ పక్కనే నడిచింది. వాకిటి దగ్గరికి రాగానే ప్రశాంతి గట్టిగా అరిచింది. "మించింది పెద్దమ్మా! పండుకున్నప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ కొట్టుకుంటాంది!"

మల్లికి ఊపిరి అందడం లేదు. అయినా మొగుడి వైపు చూసి నవ్వింది. నాగేంద్ర ముఖం విప్పారింది. బిందె దించడానికి చేయి కూడా చాపాడు.

శ్రీశైలమ్మ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. తను పెట్టిన పరీక్షలో తనే ఓడిపోయింది, అదీ ఊరంతా చూస్తుండగా. ఆ మంటలో ఆమెకు కోడలి పెదవులు నల్లబడడం కనిపించలేదు. కనిపించినా ఆగేది కాదు.

"ఒక్కతూరికి తేలదు. ఇంకోతూరి తెమ్మను" అంది.

నాగేంద్ర చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

రెండోసారి మల్లి వాకిటిదాకా రాలేదు. బిందెలు ముందు పడ్డాయి, మనిషి తర్వాత పడింది. నీళ్లు వీధి వెంట పారాయి.

"నటన" అంది శ్రీశైలమ్మ. "ఫోనేమంటాంది పాపా?"

ప్రశాంతి ఫోన్‌ను మల్లి చేతి దగ్గరికి తెచ్చి చూసింది. "గీత రావడంలేదు. పట్టీ వదులైంది, బిగించండి అని వస్తాంది."

శ్రీశైలమ్మ బురదలో మోకాళ్ల మీద కూర్చుని కోడలి చేయి ఎత్తింది. పట్టీ వదులు కాలేదు. దాని కింద బొటనవేలు పెట్టి వెతికింది. ఎంతసేపు వెతికినా నాడి దొరకలేదు. తలెత్తితే అందరూ తననే చూస్తున్నారు, అందరికంటే ముందు కొడుకు.

ఆమె పట్టీని ఇంకో బెజ్జం లోపలికి లాగి బిగించింది.

"ఇప్పుడు చూడు పాపా" అంది.