తడిమి ఆడే ఆట
మా అక్కకి కళ్ళు పోయి తొమ్మిదేళ్ళు. అయినా బిళ్ళల ఆటలో ఆమెని గెలిచిన మొనగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. చదరపు అట్టబిళ్ళలు ఒక్కొక్కటే తీసి, దారికి దారి, నదికి నది కలిసేలా పేర్చాలి. అక్క కోసం బావ ప్రతి నది వెంటా దారం, ప్రతి దారి మీదా గరుకు కాగితం అంటించాడు. ఆమె తడిమి ఆడుతుంది, మేం చూసి ఆడతాం.

చూసి ఆడతాం అన్నానా? అబద్ధం. ఆరు నెలలుగా నాకు నదీ దారీ ఒకటే మసక. అద్దాలతో బాగయ్యేది కాదన్నాడు డాక్టరు. ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్పను? స్కూలు బస్సు డ్రైవర్ని. ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగు తప్ప ఇంకో పని చేతకాదు. సోమవారం డిపోలో కంటి పరీక్ష. గోడ మీది అక్షరాల పట్టిక మొత్తం బట్టీ పట్టేశాను. బడిలో ఎక్కాలు రాక తన్నులు తిన్నవాణ్ణి, ఇది మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాను.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరమే ఆడుతున్నాం. నా బిళ్ళని బొటనవేలితో మెల్లగా తడిమి పెట్టాను.

"ఒరేయ్, బిళ్ళని ఎందుకు గోకుతున్నావు?" అంది అక్క.

"నేనెక్కడ గోకాను?"

"గరుకు కాగితం చప్పుడు నాకు తెలీదా? రోజూ నేను చేసేదేగా!"

"ఆట ఆడు, ఆరాలు మాను," అని కసిరాను.

అక్క ఒక బిళ్ళ తీసి నా ముందు పెట్టింది. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు. అదేంటి?"

"దారి," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"బోర్లించి పెట్టానురా. అక్కడ ఉట్టి అట్టే ఉంది."

ఇక దాచలేకపోయాను. మొన్న గురువారం సంగతి కక్కేశాను. బస్సు ముందు నుంచి ఒక పాప దాటుతోంది. నాకు కనపడలేదు. ఆయా కెవ్వుమంటే బ్రేకు తొక్కాను. బంపరు పాప సంచీకి తగిలి ఆగింది.

అక్క నా చేతులు వదల్లేదు.

"నాకు కళ్ళు పోయినప్పుడు నేనొక్కదాన్నే పడ్డానురా. నువ్వు పడితే బస్సు నిండా పిల్లలు పడతారు," అంది.

ఉద్యోగం పోతే ఏం తినాలన్న భయం తగ్గలేదు. కానీ ఆ పాప సంచీ తలుచుకుంటే దానికంటే పెద్ద భయం పట్టుకుంది. నేను డిపో నంబరు చెబుతుంటే, అక్క తన బటన్ల ఫోనులో తడుముతూ నొక్కి నా చేతికిచ్చింది.

"రేపు బస్సు నేను తీయనండీ," అన్నాను. "నాకు కనపడట్లేదు."