సహనక్క ఎంచిన సినిమా

సినిమా చూడదగ్గదా కాదా అని ఒక్క మాట చెప్పడానికి లక్ష్మీప్రియకు ఆరు రోజులుగా నోరు రావడం లేదు. మామూలుగా అయితే ఆమె నోటికి తాళం వేసేవాళ్లే లేరు. కృష్ణగిరిలో వాళ్ల నాన్న బద్రీనాథ్ నడిపే మామిడి మండీకి కాయలు తెచ్చిన రైతులకు కూడా, ఏ సినిమాకు పోవాలో దేనికి పోకూడదో అడక్కుండానే చెప్పి పంపేది.

ఈ సినిమా సంగతి వేరు. దీన్ని ఇచ్చింది వచ్చే నెల ఆమెను పెళ్లి చేసుకోబోయే అభిషేక్. అతనికి హోసూరులో ఎలక్ట్రికల్ షాపు ఉంది. మొదటి భార్య సహన జ్వరంతో పోయి మూడేళ్లయింది. పోయిన ఆదివారం లక్ష్మీప్రియ వాళ్లు అతని ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"యూరప్‌లో ఎప్పుడో తీసిన దయ్యాల సినిమా. ఆమె చూడాలని తెచ్చుకునింది, చూడకనే పోయింది. నాకు ధైర్యం చాల్లేదు. నువ్వు చూసి చెప్పు. బాగుంటే ఉంచుతాను, లేకుంటే పారేస్తాను."

పెన్‌డ్రైవ్ మీద చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'ఆదివారం చూడాల' అని రాసి ఉంది.

హాల్లో గోడ కూడా అప్పుడే కనబడింది. మాసిన గోడ మీద ఒక ఫోటో పట్టేంత చోటు తెల్లగా ఉంది. పైన మేకు అట్లాగే ఉంది. "నీకు ఇబ్బందవుతుందని తీసేసినాను" అన్నాడు అభిషేక్. లక్ష్మీప్రియకు సంతోషమైంది. అట్లా సంతోషపడ్డందుకు ఆ రోజు నుంచి ఆమెకు కుదురు లేదు.

శనివారం నాలుగింటికి ఫోన్ చేస్తానన్నాడు. అంతవరకూ దాన్ని ముట్టని లక్ష్మీప్రియ ఆ రోజు రెండింటికి టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి కూర్చుంది. నలుపు తెలుపు సినిమా. పెద్ద బంగళా, పొగమంచు. రెండో పెళ్లాంగా వచ్చిన పిల్ల కొవ్వొత్తి పట్టుకుని గదిగదికీ తిరుగుతోంది. మొదటి భార్య పటాన్ని ఎవరో గోడవైపు తిప్పేశారు. లక్ష్మీప్రియ లేచి కిటికీ మూసింది, మళ్లీ తెరిచింది, దాహం లేకున్నా నీళ్లు తాగింది. చివరికి ఫోన్ తీసుకుని 'చూడక్కర్లేదు, వట్టి బోరు' అని టైపు చేసింది. అబద్ధం. సినిమా కళ్లు తిప్పుకోనివ్వడం లేదు. కానీ ఆ మెసేజ్ పంపితే పెన్‌డ్రైవ్ పోతుంది, ఆ గుండ్రటి అక్షరాలూ పోతాయి, ఆ ఇల్లు పూర్తిగా తనదవుతుంది. తనకు కావలసింది అదేనని తెలిసి సిగ్గేసింది. మెసేజ్ పంపలేదు, తుడిచేయనూ లేదు.

వాళ్లవ్వ వాసవాంబ చెనక్కాయల చేటతో వచ్చి పక్కన కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. తాతకు ఆమె రెండో భార్య. మెళ్లో సన్నటి గొలుసుకు వేలిగోరంత బంగారు బిళ్ల ఉంటుంది. చనిపోయిన మొదటి భార్య సుభద్ర పేర పెళ్లినాడు కట్టిన బిళ్ల అది. కొత్త చీర ఏది వచ్చినా ముందు దానికి తాకించి గాని కట్టుకోదు. తాత పోయినప్పుడు తాళి తీయనిచ్చింది గానీ బిళ్ల జోలికి ఎవరినీ రానివ్వలేదు.

"ఏమే, ఆ పొగమంచులో ఆ యమ్మ ఎందుకట్ల తిరగతా ఉండాది?"

"దయ్యం, అవ్వా. మొదటి పెండ్లాం."

"పేరేంది?"

చెప్పబోయి ఆగిపోయింది లక్ష్మీప్రియ. గంటన్నరగా తెర కింద పడే ఇంగ్లీషు మాటలన్నీ చదువుతూనే ఉంది. "ఎవురూ చెప్పలేదవ్వా."

"పటం తిప్పేసినారు, పేరెత్తరు. ఇంకేం జేస్తాది పాపం, తిరగతాది." అవ్వ కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. "ఈ రెండోదీ తెలివి లేందే. వచ్చిన దినమే అక్కా అనుంటే సగం సినిమా తప్పేది."

లక్ష్మీప్రియకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకు భయం కాలేదా అవ్వా, కొత్తలో?"

"ఎందుక్కాలేదు? సుభద్రక్క పెట్టె ఉండే రూములోకి పోయేదాన్నే కాదు. ఈ బిళ్లతో మాట్లాడేది నేర్చినాక భయం పోయింది. మీ తాత మీద కోపమొస్తే ఎవురితో చెప్పుకొంటాను? ఈమెతోనే."

నాలుగు కొట్టకముందే ఫోన్ మోగింది.

"చూసినావా?" అన్నాడు అభిషేక్. "చూడొచ్చా, వద్దా?" ఏం వినాల్సి వస్తుందోనన్న భయం అతనికీ ఉన్నట్టుంది.

"చూడొచ్చు. మంచి సినిమా." లక్ష్మీప్రియ టీవీకి తగిలించిన పెన్‌డ్రైవ్ మీది కాగితం చూసింది. ఆ పేరు ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. అతని నోటా వినలేదు. "సహనక్క మంచిదే ఎంచింది. రేపు ఆదివారం మనం చూద్దాం. అంతలోపల ఆ ఫోటో మళ్లా యాడుండేదో ఆడనే పెట్టండి."

అవతల కుర్చీ జరిపి లేచిన చప్పుడు.

"సహన ఫోటో తీసినాను గానీ," అన్నాడు, "మేకు పీకను చెయ్యి రాలేదు."

"తెలుసు," అంది లక్ష్మీప్రియ. "చూసినాను."