ఇన్‌స్పెక్టర్ మెచ్చిన బడి

పంతొమ్మిది వందల అరవై ఐదులో, ఇన్‌స్పెక్టర్ గారు బడి చూడ్డానికి వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి మా ఆడవాళ్ళెవరికీ నాట్ల మీద మనసు లేదు. కోదాడకూ చిలుకూరుకూ మధ్య ఉన్న చిన్న ఊరు మాది. బడిలో ఇద్దరు: పెద్ద సార్ నరసింహారావు, పుష్పావతి పంతులమ్మ. పిల్లల హాజరు తక్కువుంటే రెండో ఉద్యోగం తీసేస్తారని, పంతులమ్మను వేరే ఊరికి పంపుతారని పెద్ద సార్ ముందే చెప్పాడు.

ఆమె పోతే నా కూతురు జానమ్మ చదువు ఆగిపోతుంది. నా భయం అదే. నాట్ల కాలంలో మేము పొలానికి పోతే చంటిపిల్లల్ని ఎత్తుకునేది ఆడపిల్లలే. అందుకే వాళ్ళు బడి మానేసేవాళ్ళు. పుష్పావతమ్మ వచ్చాక, "తమ్ముణ్ణి చంకనేసుకొనే రా పిల్లా" అంది. బడి దూలానికి చీరలతో ఉయ్యాలలు కట్టించింది. ఒకతె ఎక్కం చెబుతుంటే ఇంకొకతె ఊపేది. జానమ్మ మూడో తరగతి దాకా అలాగే వచ్చింది.

ముందు రోజు సాయంత్రం మా నాట్ల ముఠా పెద్ద పిచ్చమ్మ అందరినీ గట్టు మీద నిలబెట్టింది.

"రేపు ఎవరి పిల్లన్న పొలంకాడ కనవడ్డదో, దాని అయ్యతోటి నాటు ఏపిస్త."

"మా ఆయన నాటేస్తే వరి బత్కదక్కా," అంది నర్సమ్మ.

"అయితే పిల్లను బడికి తోలు."

మర్నాడు బడి నిండిపోయింది. నేను నీళ్ళ కుండ దింపే నెపంతో వాకిట్లోనే ఉన్నాను. లోపల కాలు పెట్టే చోటు లేక ఇన్‌స్పెక్టర్ గారు గుమ్మంలోనే నిలబడి తలలు లెక్కపెట్టాడు. ఉయ్యాలల దగ్గరకొచ్చేసరికి ఆగాడు.

"వీళ్ళను ఏ తరగతిలో రాశారు?"

"ఇంకా రాయలేదండి," అన్నాడు పెద్ద సార్, చెమట తుడుచుకుంటూ.

"వీళ్ళొస్తేనే అక్కలొస్తారు సార్," అంది పంతులమ్మ.

ఆయన జానమ్మను లేపి పాఠం చదవమన్నాడు. చంకలో మా చిన్నోడితోనే చదివింది. వాడు పుస్తకం అంచు నోట్లో పెట్టుకుంటే లాక్కుని, తడిసిన లైను కూడా వదలకుండా చదివింది. ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు.

నెల తిరక్కముందే నివేదిక వచ్చింది. పెద్ద సార్ మమ్మల్ని పిలిచి చదివాడు. చుట్టుపక్కల ఇంత హాజరున్న బడి లేదట, ఇంతమంది ఆడపిల్లలు మరెక్కడా లేరట. మేము చప్పట్లు కొట్టాం. ఇంకా ఉందని ఆయన చెయ్యెత్తాడు. హాజరు ఇంత బాగా పెంచిన ఉపాధ్యాయిని గనక, హాజరు బొత్తిగా లేని పాలకీడు వైపు బడికి ఆమెను పంపుతున్నారట.

"తక్కువుంటె తీస్కపోతమన్నరు. ఎక్కువుంటె గూడ తీస్కపోతరా?" అంది పిచ్చమ్మ.

"తక్కువైతే ఉద్యోగం పోతది. ఎక్కువైతే ఉద్యోగం ఉంటది, మనిషి పోతది," అన్నాడు పెద్ద సార్.

కోదాడలో ఆమెను మిర్యాలగూడ బస్సు ఎక్కించాం.

"ఆడ జర సోమరిగ ఉండు పంతులమ్మా. మంచిగ చెప్తే ఆడికెల్లి గూడ లేపుతరు," అంది పిచ్చమ్మ.

పంతులమ్మ నవ్వి, మొహం అటు తిప్పుకుంది. ఏదో చెప్పాలని బస్సు పట్టుకుని కొంచెం దూరం నడిచాను. "పైలం పంతులమ్మా, జాగర్త" అన్నాను.

ఆమె స్థానంలో ఒక సార్ వచ్చాడు. మర్యాదస్తుడు. అంత పేరొచ్చిన బడి బడిలా ఉండాలని ఉయ్యాలలు విప్పించి, చీరలు మడతపెట్టి ఎవరివి వాళ్ళకు పంపాడు. ఆ రోజు జానమ్మ చిన్నోడితో వెళ్ళి, వాడితోనే తిరిగొచ్చింది.

"ఏమన్నడే?"

"తిట్టలేదమ్మా. చిన్నోడు పండుకున్నంక రమ్మన్నడు."

ఇద్దరం కలిసి వాణ్ణి పడుకోబెట్టాం. వాడు కళ్ళు మూసేసరికి పిల్లలు బడి నుంచి ఇళ్ళకు వస్తున్నారు.