మణికట్టు చెప్పిన మాట

మూడు గంటలకు సముద్రం పోటెత్తుతుంది. పోటు రాగానే గట్టు మీది ఓడను నీళ్ళలోకి దింపేస్తారు. మల్సున్ కొడుకు కీహ్వాన్ అందులో ఇంజనీరు.

ఇప్పుడు రెండున్నర. మల్సున్ ఆ ఓడ పొట్టకు అరచెయ్యి ఆనించి, కదలకుండా నిలబడి ఉంది.

ఆమె వెనక ఇరవై మంది యాత్రికులు. బూసాన్ నగరంలోంచి యంగ్డో దీవికి వచ్చి, పైకి లేచే వంతెన చూసి, గోడల మీది బొమ్మలతో ఫోటోలు దిగి, చివరికి ఈ కాంగ్‌కాంగి పేటకు చేరారు. యుద్ధం తర్వాత దిక్కులేని ఆడవాళ్ళు తాళ్ళకు వేలాడే పలకల మీద కూర్చుని, కాంగ్ కాంగ్‌మని ఓడల తుప్పు రాలగొట్టిన పేట ఇది. వాళ్ళ తర్వాత మల్సున్ ముప్పై ఏళ్ళు కొట్టింది. చెవులు పోయాయి. ఇప్పుడు శనివారాలు యాత్రికులకు కొట్టి చూపిస్తుంది.

ఇవాళ మూడు దెబ్బలు వేసింది. మంచి ఇనుమైతే సుత్తిని వెనక్కి తంతుంది. మూడో దెబ్బను మాత్రం ఓడ మింగేసింది.

"ఏం అవ్వా, ఓడకు జ్వరం చూస్తున్నావా?" మేస్త్రీ ప్యో ఆమె చెవిలో అరిచాడు. ఈ పేటలో రహస్యాలు కూడా అరిచే చెబుతారు.

"ఇక్కడ రేకు పుచ్చిపోయింది. పైన ఏదో మెత్తి రంగేశారు."

"ఆ చెవులతోనే విన్నావా?"

"చెవులతో ఎవడు వింటాడ్రా? మణికట్టుతో వింటాం."

"తనిఖీ అయింది. కాగితం ఉంది."

"అయితే ఆ కాగితం ఇక్కడ అంటించు. నీళ్ళు ఆపుతుందేమో చూద్దాం."

పైనుంచి కీహ్వాన్ తొంగి చూశాడు. "అమ్మా, పరువు తియ్యకే. ఓడ ఆగితే నన్నంటారు. ఇంకెవడూ పని ఇవ్వడు."

ఆమె అతని పెదాలు చదివింది. "కిందికి దిగు."

"దిగను."

సుత్తికి ఒక వైపు ఉలిలాంటి అంచు ఉంటుంది. అది తుప్పుకే, రేకుకు తగలకూడదు. పలకెక్కే ప్రతి ఆడదానికీ చెప్పే మొదటి మాట అదే. రేకు గట్టిదైతే ఈ వయసులో మణికట్టు విరుగుతుంది. మల్సున్ సుత్తిని తిప్పి పట్టుకుంది. ప్యో చెయ్యి చాచేలోపే బలమంతా పెట్టి కొట్టింది.

సుత్తి పిడి దాకా దిగబడింది.

కీహ్వాన్ ఓడ లోపలికి పరిగెత్తాడు. రెండు నిమిషాలకు బయటికొచ్చాడు, మొహంలో రక్తం లేదు. "అందరూ దిగండి," అని తోటివాళ్ళను కేకేసి, నిచ్చెన దిగి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

మల్సున్ అతన్ని చూడలేదు. పక్కనున్న ఖాళీ గట్టునే చూస్తోంది. నిన్నటిదాకా అక్కడ ఇంకో ఓడ ఉండేది.

"దానికీ నువ్వేనా రంగేయించింది?"

ప్యో తలూపాడు.

"ఎప్పుడెళ్ళింది?"

"పొద్దున. పదకొండు మందితో."

కీహ్వాన్ అప్పటికే రేవు ఆఫీసు వైపు పరిగెడుతున్నాడు, అక్కడి రేడియోలో ఆ ఓడను వెనక్కి పిలవడానికి.