ఎనభై ఐదు అడిగే దూరం

ఆదివారం ఫోటో దిగినప్పటి నుంచి నా భార్య హైమ మసకగా ఉంది.

మా పెళ్లిరోజు కదా అని నా స్టూడియోలో కెమెరాకి టైమర్ పెట్టి నేనే తీసిన ఫోటో అది. కాకినాడలో నా దగ్గరికొచ్చే జంటలన్నీ అడిగే భంగిమే హైమా అడిగింది. వెనక నిలబడి నా కుడి భుజం మీద గడ్డం ఆనించింది. నా యాభై ఎం.ఎం. లెన్సు పాతది. వెలుతురు చాలక దాని కన్ను పూర్తిగా తెరిస్తే ఇద్దరిలో ఒకరినే పట్టుకుంటుంది. అది నన్ను పట్టుకుంది. ఇప్పుడు నా గడ్డం వెంట్రుకలు ఎదురింటి మేడ మీంచి కూడా విడివిడిగా కనబడతాయి. హైమ బొట్టు మాత్రం అప్పడమంత అయిపోయింది.

రోజురోజుకీ ఇంకాస్త కరుగుతోంది. ఆకుపచ్చ కర్టెన్ ముందు నిలబడితే కర్టెన్‌లో కలిసిపోతోంది. పాలవాడు రేపు రానన్న సంగతి ఆమె అనుకుని తలుపుకి చెప్పి వెళ్ళిపోతాడు. ఇలాగే పోతే కొన్నాళ్ళకి వెనకున్న గోడకీ ఆమెకీ తేడా ఉండదు. పొద్దున్నుంచీ ఆ పాత లెన్సునే తుడుస్తూ కూర్చున్నాను.

"కంగారు పడకండి. నలభై దాటాక కాస్త మసగ్గా ఉంటేనే అందం," అంటుంది హైమ.

అంటుంది గానీ, అద్దం ముందు కూర్చున్నాక నుదురు ఎక్కడుందో తెలియక బొట్టు నా చేతికిస్తుంది.

ఇద్దరం సినిమా రోడ్డులో తాతబ్బాయి గారి కొట్టుకి వెళ్తాం. మేడ మీద ఒకే గది, నిండా వాడిన లెన్సులు. ఊకలో గుడ్లు పేర్చినట్టు పేర్చి ఉంటాయి. మేం లోపలికి రాగానే అన్నీ హైమ వైపు తిరిగి వెతుకుతాయి. దొరక్క కళ్ళు మూసుకుంటాయి.

"ఇద్దరూ పడాలి. చవగ్గా ఉండాలి," అంటాను.

"ఆయ్, అందరూ అదే అడుగుతారండి," అంటారు తాతబ్బాయి గారు. ముందు ముప్పై ఐదు తీసి చేతిలో పెడతారు. "ఇది దగ్గర్నుంచే తీసుద్దండి. కాపోతే చుట్టుపక్కలంతా పడిపోద్ది."

కన్ను ఆనించగానే హైమ తేటపడుతుంది. సంతోషించేలోపు ఆమె ముక్కు నా ముక్కు దాకా వస్తుంది, చెవులు వెనక్కి పోతాయి. పక్కనుంచి జామకాయల బండి గదిలోకి వస్తుంది, దాని వెనకే ఆటో, ఆటోలోంచి మా పెద్దత్త.

"నా కాఫీలో పంచదార వెయ్యకే హైమా, సుగరు," అంటూ పెద్దత్త కుర్చీ లాక్కుంటుంది.

నిలబడటానికి చోటు లేదు. లెన్సు దించుతాను. ఆటో వెళ్ళిపోతుంది, బండి వెళ్ళిపోతుంది, పెద్దత్త కుర్చీ సర్దిపెట్టి మరీ వెళ్తుంది. హైమ మళ్ళీ మసకబారుతుంది.

తాతబ్బాయి గారు అడుగు అరలోంచి ఇంకోటి తీసి ఊక ఊదుతారు. "ఎనభై ఐదండి. మనిషి ముఖానికి దీని తర్వాతే ఏదైనా. డబ్బులు తక్కువేనండి. దూరమే కొంచెం ఎక్కువ తీసుకుంటది."

"ఎంత దూరం?"

"అది మనుషుల్ని బట్టండి."

కన్ను ఆనించి ఒక అడుగు వెనక్కి వేస్తాను. హైమ చెక్కిళ్ళు కుదురుకుంటాయి. ఇంకో అడుగుకి కనుబొమలు వస్తాయి. నా వీపుకి గోడ తగులుతుంది. గోడ మర్యాదగా వెనక్కి జరుగుతుంది. గది పొడుగు పెరుగుతుంటే ఉన్న ఫ్యాను చాలక పైకప్పుకి కొత్త ఫ్యాన్లు మొలుస్తాయి. హైమ చెవి కింద పుట్టుమచ్చ కనబడుతుంది. అదొకటుందన్న సంగతే మర్చిపోయాను. నా కళ్ళకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదనిపిస్తుంది.

అంత దూరాన హైమ చేతులు ముఖం ముందు పెట్టుకుని గాజులు చూసుకుంటుంది.

"నాకు నేను కనబడుతున్నానండీ!" అని అరుస్తుంది.

ఆనందం పట్టలేక ముందుకి అడుగు వేస్తాను. పుట్టుమచ్చ పోతుంది. ఇంకో అడుగుకి కనుబొమలు పోతాయి. గబగబా వెనక్కి వస్తే అన్నీ తిరిగొస్తాయి.

"దగ్గరికి వెళ్ళకూడదా?" అని తాతబ్బాయి గారిని అడుగుతాను.

"దగ్గర్లో ఫోకస్ అవ్వదండి. అందుకే గదండీ చవక."

"వద్దులే హైమా! ఇలాగే ఇంటికి పోదాం. పక్కనైనా ఉంటావు!" అని కేకేస్తాను.

చాలాసేపటికి ఆమె మాట నడుచుకుంటూ వచ్చి చేరుతుంది. "పక్కనున్నా లేనట్టేగా. తీసుకోండి. నా బొట్టు నేను పెట్టుకుంటాను."

ఎనభై ఐదు తీసుకుంటాను.

ఇంట్లో ఆమె వంటింట్లో ఉంటుంది, నేను లెన్సు కంటికి ఆనించుకుని వీధి వరండాలో ఉంటాను. మధ్యలో హాలు సాగిపోయింది. కాఫీ ఆటోలో పంపుతుంది. నా దాకా వచ్చేసరికి చల్లారిపోతుంది.

"పంచదార సరిపోయిందా అని అమ్మగారు అడగమన్నారండి," అంటాడు డ్రైవరు.

సరిపోయిందని చెప్పమంటాను. అతను ఆ జవాబు వెనక సీట్లో ఎక్కించుకుని వెళ్తాడు.

మర్నాటికి లెన్సు ఇంకాస్త దూరం అడుగుతుంది. వీధి చివరికి జరుగుతాను. తర్వాత వంతెన అవతలికి, ఆ తర్వాత బీచ్ రోడ్డుకి. ఇక చాలని బతిమాలుకుంటాను. దానికి కన్నే ఉంది, చెవుల్లేవు. ఏడవాలని ఉంటుంది గానీ, కన్ను చెమ్మగిలితే హైమ మసకబారుతుంది కాబట్టి ఏడవను.

ఇసుక అయిపోతుంది. నీళ్ళలోకి దిగుతాను.

సముద్రంలో అప్పటికే మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మెడలోతు నీళ్ళలో, కళ్ళకి ఎనభై ఐదులు ఆనించుకుని, ఊరివైపు చూస్తున్నారు. కొందరిని గుర్తుపడతాను. నా స్టూడియోలో జంటగా ఫోటోలు దిగినవాళ్ళే. ఒకాయన లెన్సు దించకుండానే పక్కకి జరిగి నాకు చోటిస్తాడు.

"లెన్సు తడవకుండా చూస్కోండి. మిగతాదంతా అలవాటైపోద్దండి," అంటాడు.

ఊళ్ళో మా మేడ మీద హైమ తల ఆరబెట్టుకుంటోంది. ఒక్కో వెంట్రుకా విడిగా కనబడుతోంది. బొట్టు ఉండాల్సిన చోటే ఉంది. ఎందుకో దువ్వెన పక్కన పెడుతుంది. అటూ ఇటూ చూసి, కాస్త ముందుకి వంగి, నా భుజమంత ఎత్తున గాలిలో గడ్డం ఆనిస్తుంది.

నీళ్ళలో నా కుడి భుజం బరువుకి కిందికి దిగుతుంది. చెవి దగ్గర తడి జుట్టు తగులుతుంది, కుంకుడుకాయ వాసన వస్తుంది. వరసలో మిగతావాళ్ళ కుడి భుజాలు కూడా ఒక్కొక్కటే దిగుతుంటాయి. అల పెదాల దాకా వస్తుంది. కదిలితే ఆమె గడ్డం జారిపోతుందని నేను కదలను, ఫోటోకి నిలబడ్డట్టు నవ్వుతూనే ఉంటాను.