యాజకుడి వంతు

మండపేటకి దిగువన, కాలువ గట్టు మీద, ముప్పై గడపల పేట ఒకటుండేది. గోదావరికి ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళయిన రోజులవి. పేటలో వాళ్ళంతా పల్లంరాజు గారి పొలాల్లో పనిచేసేవాళ్ళు. రెండేళ్ళ కిందట పాదిరి దొర పడవ మీద వచ్చి, ఆ కాలువలోనే అందరికీ ఒక్క పూటలో బాప్తిస్మమిచ్చి వెళ్ళాడు. వాళ్ళకి వాక్యం నేర్పడానికి రాజమండ్రి నుంచి ఒక ఉపదేశిని పంపించాడు. అతని పేరు వీరాస్వామి.

వీరాస్వామి మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, తరవాత చెప్తే ఎవరూ నమ్మరు. గొంతెత్తి చదివితే కాలువ అవతల గొడ్లు కాసేవాళ్ళు కూడా నిలబడి వినేవారు. జ్వరమొచ్చిన ఇంట్లో తెల్లారే దాకా కూర్చునేవాడు. పిల్లలకి అక్షరాలు ఇసకలో దిద్దించేవాడు. అతని బలహీనతల్లా ఒక్కటే, మాంసం. మిషను వాళ్ళిచ్చేదాంతో పప్పూ పచ్చడీ గడిచేది. వారంలో ఆరు రోజులు పప్పు తిని ఏడో రోజు పచ్చడి తినేవాడు. ఎక్కడైనా కోడి కూస్తే చదువుతున్న చోట ఒక్క క్షణం ఆగేవాడు.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో అతనికో ఆలోచన వచ్చింది. యేసు ప్రభువు మన పాపాల కోసం బలి అయ్యాడని వీళ్ళకి చెప్తున్నాం గానీ, బలి అంటే ఏమిటో మొదట్నించీ చెప్పాలి కదా అనుకున్నాడు. నాలుగు ఆదివారాలు మోషే నాటి బలుల గురించి చదివి, ఐదో ఆదివారం, వాటన్నిటికీ ముగింపు ప్రభువేనని చెప్దామని పథకం. పథకం బాగానే ఉంది.

మొదటి ఆదివారం బడి పాకలో అందరినీ చాపల మీద కూర్చోబెట్టి చదివాడు. పాపం చేసినవాడు కోడెని తేవాలి, లేకపోతే గొర్రెని, అదీ లేకపోతే రెండు పావురాలు.

ఆ సాయంత్రం ఏసమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, నోరు పెద్దది, భయం చిన్నది. కొంగు కింద ఎర్రతోక పుంజు ఉంది.

"అయ్యగారండీ, కోడెలూ గొర్రెలూ నాకెక్కడివండీ? పావురాలు పట్టడం చేతకాదు. ఈ పుంజుని తెచ్చానండీ."

"ఎందుకమ్మా?"

ఏసమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా తోటికోడలు వీరవేణి కోడిని పొదగేసింది కదండీ, ఆ గుడ్లలో నాలుగు తీసి పులుసు పెట్టుకున్నానండీ. మీరు చదివారు గదా, గుండె పట్టుకుందండీ."

వీరాస్వామి అప్పుడే చెప్పాల్సింది. అది పాత కాలం మాట, ఇప్పుడు పుంజు అక్కర్లేదు, తోటికోడలి దగ్గరికి వెళ్ళి చెప్పుకో అని. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే ఆ పుంజు తల తిప్పి అతని వంక చూసింది. లోపల భార్య సంపూర్ణమ్మ అల్లం నూరుతున్న వాసన వచ్చింది.

"సరే ఏసమ్మా. ప్రార్థన చేస్తాను," అన్నాడు.

ప్రార్థన చేశాడు. ఏసమ్మ తేలికపడి వెళ్ళింది. పుంజు ఉండిపోయింది.

ఆ మర్నాడు ఉపదేశి ఇంట్లోంచి వచ్చిన మసాలా వాసనకి పేటంతా ముక్కులెగరేసింది. ఏసమ్మ నోటికి తాళం లేదు. తన పాపం ఏమిటో చెప్పలేదు గానీ, పాపం పోయిందని మాత్రం నలుగురికీ చెప్పింది. ఇక రావడం మొదలుపెట్టారు. ఒకడు తోటి పాలేరుని బూతులు తిట్టానని పెట్టని తెచ్చాడు. ఒకామె వదిన చీర తనదేనని ప్రమాణం చేశానని బాతుని తెచ్చింది. అబ్బులు అనేవాడు కొరమీనుని తెచ్చి, ఇది చెల్లుతుందా అని అడిగాడు.

"ఏం చేశావు?" అన్నాడు వీరాస్వామి.

"ఇంకా చేయలేదండీ. రేపు కల్లుపాక దగ్గర పందెం ఉందండి."

వీరాస్వామి ముందు పాపానికి బలి లేదని గట్టిగా మందలించాడు. కొరమీను మాత్రం అప్పటికే చచ్చిపోయి ఉంది, వెనక్కి పంపితే పాడవుతుంది.

ఇలా ఐదో ఆదివారం వచ్చింది. వీరాస్వామి ఆ రోజు ముగింపు చెప్పాలి. దానికి బదులు, బలి పశువులో యాజకుడికి ఏ భాగం చెందుతుందో ఉన్న చోటు చదివాడు. బోరా, కుడి తొడా. దాన్ని రెండు సార్లు చదివాడు. ఆరో ఆదివారం, పాపాలన్నీ మేక నెత్తిన పెట్టి అడవికి తోలేసిన కథ చదివాడు. ఏడో ఆదివారం మళ్ళీ మొదటికొచ్చాడు.

"ఇది బాగోలేదండీ," అంది సంపూర్ణమ్మ ఆ రోజు వడ్డిస్తూ. "చెప్పేయండి వాళ్ళకి."

"వచ్చే వారం చెప్తాను. ఒక్కసారిగా చెప్తే అర్థం కాదు వాళ్ళకి."

"అర్థం కానిది వాళ్ళకి కాదు లెండి," అని ఆమె తన కంచంలో మెడ ముక్క వేసుకుంది.

పేటలో ముసలయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. బాప్తిస్మం తీసుకోక ముందు ఊరి అమ్మవారి జాతరలో వేటపోతు తల నరికే హక్కు ఆయన వంశానిది. నలభై ఏళ్ళు నరికాడు. పెద్దాపురం జాతరకి కూడా పిలిపించుకునేవారు. ఎనిమిదో వారం ఒక పొద్దున, వీరాస్వామి అరుగు మీద పళ్ళు తోముకుంటుంటే వచ్చి కూర్చున్నాడు.

"అయ్యగారండీ, వొళ్ళు చేశారు. చొక్కా గుండీ పెట్టడం లేదేంటండీ?"

"ఊడిపోయింది ముసలయ్యా."

"ఊడలేదండీ, అదిగో వేలాడుతోంది. అందడం లేదంతే." కాసేపు కాలువ వంక చూశాడు. "అమ్మవారి దగ్గర నాకు తలా, తోలూ వచ్చేవండి. తొడ ఎప్పుడూ మునసబు గారికి పోయేది. మీ లెక్క బావుందండీ."

వీరాస్వామికి వేపపుల్ల గొంతుకడ్డం పడింది.

"ఒక్క సందేహమండీ. యాజకుడంటే ఆ లేవి వంశంలో పుట్టినవాడే అయ్యుండాలని చదివారు గదా. మీ నాన్నగారు ధవళేశ్వరంలో మగ్గం నేసేవారని విన్నాను."

"అవును."

"ఆఁ, అదే. ఊరికే అడిగానండీ," అని లేచి వెళ్ళిపోయాడు.

తొమ్మిదో ఆదివారం ముసలయ్య బడి పాకకి మేకపోతుని తెచ్చాడు. సొంత మేకపోతు, నల్లటిది, గడ్డం జానెడుంది. దాన్ని చూసి వీరాస్వామి ముందు వారం పడిన దిగులంతా మర్చిపోయాడు. సంపూర్ణమ్మ మాత్రం మేకని కాక ముసలయ్య మొహాన్ని చూసింది. చూసి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నా పాపం కోడితో పోయేది కాదండీ," అన్నాడు ముసలయ్య అందరూ వినేలా. "నలభై ఏళ్ళు విగ్రహానికి నరికాను. అందుకని మేకపోతు."

"మంచిది ముసలయ్యా, చాలా మంచిది."

"నరకడానికి కాదండోయ్. మీరు చదివారు గదా, నెత్తిన పాపాలు పెట్టి తోలేసే మేక. అది ఇది."

జనం మెచ్చుకున్నారు. వీరాస్వామి మొహం కొద్దిగా పొడుగైంది.

"అడవికి తోలాలి గదా. మనకి అడవెక్కడుంది? పోలవరం అవతల కొండల దాకా పోవాలి," అన్నాడు.

"కాలువ దాటిస్తే చాలండీ, దాని దారి అది చూసుకుంటుంది. రండి, చెయ్యి పెట్టండి."

తప్పేది లేక వీరాస్వామి మేక తల మీద చెయ్యి పెట్టాడు. మేక అతని ఉత్తరీయం అంచు నమలడం మొదలుపెట్టింది.

"పేట పాపాలన్నీ..." అని మొదలుపెట్టాడు.

"ఆగండాగండి," అన్నాడు ముసలయ్య. "యాజకుడు ముందర తన పాపం, తన ఇంటివాళ్ళ పాపం ఒప్పుకోవాలని చదివారండీ. తరవాతే జనానివి."

అలా చదివిన మాట అందరికీ గుర్తుంది. వీరాస్వామి చదువు అంత బాగుంటుంది మరి. అతను తలుపు వైపు చూశాడు. సంపూర్ణమ్మ చూపు తప్పించలేదు.

రెండో చేత్తో ఉత్తరీయాన్ని మేక నోట్లోంచి లాక్కున్నాడు.

"నేను... నేను తిన్నాను," అన్నాడు. "మీరు తెచ్చినవన్నీ నేనే తిన్నాను. తేవాల్సిన పని లేదని నాకు తెలుసు. ఐదో వారమే చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. అబ్బులు కొరమీను తిన్నాను. పెట్టల్ని తిన్నాను, బాతుని తిన్నాను. గుడ్లు తీసినందుకు ఏసమ్మ ఇచ్చిన పుంజుని తిన్నాను."

"నావి మెడలూ రెక్కలేనండీ," అంది సంపూర్ణమ్మ తలుపు దగ్గర్నించి. "కానీ తిన్నాను."

వెనక చాప మీంచి వీరవేణి లేచింది.

"ఏం గుడ్లు?"

ఏసమ్మ మేక వంక ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

"నా కోడి కిందివా? పిల్లి తినేసిందని ఆ పిల్లిని మూడు రోజులు తరిమి తరిమి కొట్టాను గదే! నువ్వా?"

"పాపం పోయిందే వీరవేణీ. పుంజునిచ్చాను."

"గుడ్లు నావైతే పుంజు అయ్యగారికిస్తావా!"

అంతే, పాకంతా గొల్లుమంది. నవ్వు ఆగక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. అబ్బులైతే చాప మీద దొర్లాడు. ఇంతలో బాతు ఎందుకొచ్చిందో, పెట్ట ఎందుకొచ్చిందో ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం మొదలైంది. వదినకి చీర సంగతి తెలిసింది. పది నిమిషాల పాటు ఆ పాకలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

ముసలయ్య చెయ్యెత్తాక సద్దుమణిగారు. ఆయన నవ్వడం లేదు.

"అయ్యగారండీ, మిమ్మల్ని అల్లరి చేయడానికొకటి, నా కోసమొకటి, రెండిటికీ తెచ్చానండీ దీన్ని. నలభై ఏళ్ళు నరికాను గదా. ఏటేటా నరికినా, అమ్మవారు ఏనాడూ 'ఇక చాల్లే' అనలేదు. చాలన్న దేవుడొకడున్నాడని మీ దొర చెప్తే ఆ కాలువలో మునిగాను. పైకి లేచి చూస్తే ఇక్కడా కోళ్ళే. ఇప్పుడు చెప్పండి. చాలా, చాలదా?"

వీరాస్వామి మేక తల మీంచి చెయ్యి తీశాడు. పుస్తకం తెరవలేదు. ఆ గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"చాలు ముసలయ్యా. ఒక్కసారే, ఒక్కడే. యాజకుడూ ఆయనే, బలీ ఆయనే. మళ్ళీ కోడి అక్కర్లేదు, మేక అక్కర్లేదు. దేవుడి దగ్గరికి పోవడానికి మధ్యన నేనూ అక్కర్లేదు. ఆయన వచ్చాక మనమందరం యాజకులమే. నువ్వూ, ఏసమ్మా, వీరవేణీ, అందరూ."

ముసలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఏసమ్మ మాత్రం ఏదో ఆలోచిస్తోంది.

"అందరం యాజకులమేనా అండీ?"

"అవునమ్మా."

"మరి కుడి తొడ అందరికీ రావాలి గదండీ."

దానికి జవాబు వీరవేణి దగ్గర ఉంది. ఏసమ్మ ఇంట్లో పొదిగిన పిల్లల్లో నాలుగు అప్పటికప్పుడు గంపలో వేసుకుపోయింది. పోతూ, పులుసులో చింతపండు ఎక్కువేసి ఉంటావు, నీ చేతి పులుసు ఎప్పుడూ పులుపే, అని దెప్పింది. ఆ దెప్పుడుతో ఇద్దరికీ సరిపోయింది.

ఈ గోలలో మేకని అందరూ మర్చిపోయారు. అది తీరుబడిగా కాలువ మీది తాటి దుంగ దాటి పల్లంరాజు గారి ఆకుమడిలో దిగింది. మధ్యాహ్నానికి రాజుగారే దాన్ని చెవి పట్టుకుని పేటకి లాక్కొచ్చారు.

"ఒరే, ఎవరిదిరా ఈ మేక? నాట్లకుంచిన నారంతా మేసేసింది!"

ఎవరూ మాది అనలేదు.

"ఎవరిదీ కాదు బాబయ్యా," అన్నాడు అబ్బులు వినయంగా. "దాని నెత్తిన మా పాపాలు పెట్టి తోలేశామండి."

రాజుగారి చెయ్యి చెవి మీంచి దానంతటదే జారింది. "ఎన్ని పాపాలురా?"

"పేటలోవన్నీనండీ."

రాజుగారు చేతిని పంచెకి తుడుచుకున్నారు. తుడుచుకుని, ఆ పంచె వంక కూడా అనుమానంగా చూసుకున్నారు. అప్పుడు వీరాస్వామి ముందుకొచ్చి, దాని మీద పాపాలేమీ లేవనీ, అది ఉత్త మేకేననీ, మేసిన నారుకి తానొచ్చి నాట్లలో పనిచేస్తాననీ చెప్పాడు. ఉపదేశి పొలంలో దిగడమేమిటని రాజుగారు నవ్వారు గానీ, అతను నిజంగానే దిగాడు. మూడు రోజులు మోకాలి లోతు బురదలో నాట్లు వేశాడు. ముసలయ్య పక్క వరసలో వేస్తూ అతని వంకర వరసలు దిద్దాడు. నాలుగో రోజుకి గుండీ అందింది.

అయితే పేట వాళ్ళకి చేతిలో ఏదో పట్టుకుని ఆదివారం రావడం అలవాటైపోయింది. పాపానికి అక్కర్లేదు సరే, కృతజ్ఞతకి తేవచ్చా అని అడిగారు. తేవచ్చన్నాడు వీరాస్వామి, ఆనందంగా. అప్పటికి శ్రావణం వచ్చింది. ప్రతి పాక కప్పు మీదా సొరపాదు విరగకాసింది. మొదటి ఆదివారం పదకొండు సొరకాయలొచ్చాయి, రెండోసారి పందొమ్మిది. సంపూర్ణమ్మ పులుసు పెట్టింది, పప్పులో వేసింది, పాలు పోసి వండింది. వీరాస్వామి ప్రతి పూటా కంచం ముందు కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పేవాడు. ఒక్కోసారి ఆ స్తోత్రం చాలా పొడుగ్గా సాగేది. కళ్ళు తెరిస్తే సొరకాయే కనపడుతుందని సంపూర్ణమ్మకి తెలుసు, అందుకని ఆమె కూడా తొందరపెట్టేది కాదు.