మొదట గడప దాటేదెవరు

ముక్కుకు రెండు మడతల రుమాలు కట్టుకుని, కారు దగ్గరే నిలబడి, ఏడో నెల చూలాలిని రోగం తిరిగిన గదిలోకి పొమ్మన్న మనిషిని నేను చూశాను. చూసీ ఊరుకున్నాను. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి.

నా పేరు శ్రీపాల్. భూపాలపల్లి పక్కన బొగ్గు లారీలు తిప్పే కాంట్రాక్టరు ఆఫీసులో అటెండర్ని. అది స్వైన్‌ఫ్లూ తిరిగిన చలికాలం. రాష్ట్రం కోసం ఊరూరా జనం రోడ్లెక్కిన రోజులు. మా గుమాస్తా దగ్గి దగ్గి వరంగల్ దవాఖానలో పోయాడు. గుండె ఆగిందన్నాడు కాంట్రాక్టరు. మరి గుండె ఆగినవాడి ఆఫీసుకు పదహారు రోజులు తాళమెందుకో చెప్పలేదు.

సోమవారం స్టాఫ్ పన్నెండు మందీ తిరిగొస్తున్నారు, ఆదివారం పొద్దుగూకేలోపు అంతా కడిగిపెట్టాలన్నాడు. కడిగేది ముగ్గురు. ముసలి భద్రమ్మ, తండా నుంచి వచ్చే దేవ్యా, కడుపుతో ఉన్న సాబేరా. కారు సీట్లో మాస్కుల డబ్బా ఉంది. "గవి స్టాఫ్‌కు" అన్నాడు. వీళ్లకు చీపుర్లూ బ్లీచింగు పొడీ.

నీళ్లకని వెనక్కి పోయిన దేవ్యా తిరిగొచ్చి గొంతు తగ్గించాడు.

"అవ్వా, ఎన్క బూడిదల ఇనుప కాళ్లున్నయే. గుమాస్తా సారు కుర్చీయే గది."

"గుండె ఆగి సచ్చిపోతే కుర్చీ కాలవెడతరార?"

"ఎవలు కాలవెట్టిన్రో మనల ఎవలకో ఎర్కనే."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. మాస్కులు అడగాలని మొన్న వాళ్లనుకున్న మాట తెల్లారేసరికి కాంట్రాక్టరు చెవిన పడింది. మోసిందెవరో తెలియదు. దేవ్యాకు సాబేరా మీద అనుమానం, సాబేరాకు దేవ్యా మీద. ఇద్దరూ కలిసి నా వంక చూశారు. నేను తాళంచెవి తుడుచుకుంటూ నేల చూశాను. నన్ను పర్మినెంటు చేస్తానని కాంట్రాక్టరు మాటిచ్చాడు కదా. థూ, నాదీ ఒక బతుకేనా.

భద్రమ్మ చీపురు కింద పెట్టింది.

"దొరా, మా పెద్దవంగర దిక్కు గత్తర తగిలి మూసిన ఇల్లు తెరిస్తే ముందుగాల ఇంటాయన కడప దాటుతడు. పసుపునీళ్లు సల్లుతడు. గటెన్కనే కూలోళ్లు. నువ్వు దాటు, నీ ఎన్క మేమొస్తం."

కాంట్రాక్టరు అడుగు కదపలేదు. కండువా సర్దుకున్నాడు. అతనూ ఆ పక్క కొడకండ్ల మనిషే, మొన్ననే రాష్ట్రం కోసం పెట్టిన సభలో మన కొలువులు మనకేనని గొంతు చించుకున్నాడు.

"మన రాష్ట్రం మనకచ్చే యాళ్ల గిట్ల అడ్డం తిరుగుడేంది? నేను మనోణ్ని కాదా?"

"మనోడివే. మరి మాస్కులెవలయి?" అంది భద్రమ్మ.

లారీలు దిగి చూస్తున్న డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్వు అతనికి కాలింది.

"చేసేటోళ్లు చెయ్యిండ్రి, లేకుంటే పోండ్రి. రేపు కొత్తోళ్లొస్తరు."

సాబేరా చీపురందుకుంది. "నేను పోత అవ్వా. కాన్పు ముంగటుంది, ఉన్న పని ఇడిస్తే ఎట్ల?" ఒక చేత్తో కడుపు పట్టుకుని మెట్టెక్కింది. తలుపు తీయమని కాంట్రాక్టరు నాకు సైగ చేశాడు.

తాళంచెవి నా చేతిలోనే ఉంది. చెయ్యి లేవలేదు.

"ఆగు చెల్లే," అన్నాను. "గా కుర్చీ కాలవెట్టింది నేనే. సారుకు స్వైన్‌ఫ్లూనే. దవాఖాన కాగితం దొర నాతోనే చింపిచ్చిండు. మీ మాటలు మోసింది గూడ నేనే."

దేవ్యా నా చెంప మీద ఒక్కటిచ్చాడు. ఇవ్వాల్సిందే. రెండోది పడకుండా భద్రమ్మ అడ్డమొచ్చింది.

"సాలు తియ్ బిడ్డా. గిప్పుడన్న నోరు తెరిసిండు."

ఆ సాయంత్రం డ్రైవర్లు లారీలు ఆపేసి మా పక్కనే కూర్చున్నారు. సోమవారం స్టాఫ్ వచ్చారు, విన్నారు, చెప్పులు విప్పి మాతోపాటు వాకిట్లో కూర్చున్నారు. డాక్టరు వచ్చి గది చూడాలి, అందరికీ మాస్కులివ్వాలి, కాన్పయ్యేదాకా సాబేరా పని ఆమెకే ఉంచాలి. నలభై గొంతులు అదే మాట అన్నాయి. భద్రమ్మ చీపురు తీసి గడపకు అడ్డంగా పెట్టింది.

పోలీసు జీపు వచ్చింది. తాళం పగలగొట్టమని ఎస్సై కానిస్టేబుల్‌ను పంపాడు.

"కొడుకా, ఇంటాయన ఇంక కార్లనే ఉన్నడు, చూసుకో," అంది భద్రమ్మ.

కానిస్టేబుల్ కారు వైపు చూశాడు. గడప వైపు చూశాడు. రెండో మెట్టు మీదే ఆగిపోయాడు.

అల్లరి మూకలన్నారు. నన్నూ భద్రమ్మనూ జీపెక్కించారు. తాళంచెవి ఏదిరా అని ఎస్సై నా జేబులు తడిమాడు, దొరకలేదు. వాకిట్లో ఒక్కొక్కరినీ అడిగాడు.

ఆదివారం రాత్రే నేనిచ్చాను, అది సాబేరా కొంగుముడిలో ఉంది. కారు అద్దాలెత్తుకుని కూర్చున్న ఆ ఒక్కడికి తప్ప మా అందరికీ తెలుసు. ఈసారి ఎవరూ మాట మోయలేదు.